నమూనా రొట్టె

మనిషికి ఆకలి వేయడం ప్రకృతి ధర్మం. ఆ ఆకలిని తీర్చే అర్హత ఎవరికుందో తేల్చడం మాత్రం రుచి సంస్కార మండలి బాధ్యత. (మండలి పుట్టకముందు జనం ఏ అర్హతతో వండుకు తిన్నారో రికార్డుల్లో దొరకలేదు.)

ఊళ్లన్నీ సంస్కరిస్తూ వచ్చిన మండలి కన్ను చివరికి హులిగెమ్మ మీద పడింది. బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో, బండల పాలిష్ ఫ్యాక్టరీల ఎదురుగా, పంతొమ్మిదేళ్లుగా చిన్న రేకుల బంకులో జొన్న రొట్టెలు చేసి అమ్ముతున్న మనిషి. ఆమె పొయ్యి వెలిగిందో లేదో చూసుకుని గానీ లారీ డ్రైవర్లు బండి తీసేవాళ్లు కాదు. అటువంటి బంకుకు నోటీసు అంటించారు. "అతిథి రుచి నిపుణత" సర్టిఫికెట్ లేకపోతే సోమవారం బంకు ఎత్తేస్తారు. సర్టిఫికెట్ కావాలంటే గురువారం సాయంత్రం వైన్ రుచి పరిశీలనలోనూ, ఆ వెంటనే జరిగే సామూహిక వంట తరగతిలోనూ నెగ్గాలి. రొట్టెకూ వైన్‌కూ ఏం సంబంధమని అడగబోయి హులిగెమ్మ నోరు మూసుకుంది. బంకు పోతే ఆమెకు చేతనైన పని ఇంకొకటి లేదు. కొత్తది నేర్చుకునే వయసూ కాదు.

కార్యక్రమం ఊరి బయట రిసార్టులో పెట్టారు. నీళ్ల ట్యాంకరు రాలేదని మనిషికి అర లీటరు సీసా చొప్పున పంచారు. వైన్ మాత్రం ఆరు రకాలూ వేళకు దిగింది.

పద్ధతి సులువైనదే. గ్లాసు మూడు చుట్లు తిప్పాలి, వాసన చూడాలి, గుక్క తీసుకుని పుక్కిలించి బకెట్లో ఉమ్మాలి, ఆపైన ఫారం నింపాలి. హులిగెమ్మకు గురువారం రాఘవేంద్రస్వామి ఒక్కపొద్దు. ఫారంలో ఒక్కపొద్దుకు గడి లేదు.

"సార్, నేను ఒక్కపొద్దు ఉండాను. వాసన చూస్తే సాలదా?" అని గుమాస్తా హనుమేష్‌ను అడిగింది.

హనుమేష్ మంచివాడు. వాసన ఎలా ఉందో చెప్పమన్నాడు. చింతపండు నానబెట్టి మర్చిపోయినట్టు ఉండాదని ఆమె చెప్పింది. అతను జవాబుల పుస్తకం తీసి చూశాడు. అందులో "కాలంతో లోతు పెరిగిన పులుపు" అని ఉంది. నూటికి నూరు వేశాడు.

ఉమ్మే నియమం అధికారులకూ వర్తిస్తుంది. అయితే ప్రభుత్వ సొమ్ముతో కొన్న సరుకును బకెట్లో పోస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందని ఉపసంచాలకుడు ఓబుళేశు గుర్తు చేసి, ఆరు రకాలూ మింగేశాడు. మిగతా పరిశీలకులు ఆయన బాధ్యతను తలా ఇంత పంచుకున్నారు. నంజుకోవడానికి పుల్లకు గుచ్చిన జున్ను ముక్క ఒక్కటి తప్ప ఏమీ పెట్టలేదు. వంట తరగతి మొదలయ్యేసరికి మండలి మొత్తం ఆకలితో నకనకలాడుతోంది.

తరగతి చెప్పడానికి హైదరాబాదు నుంచి చెఫ్ ప్రవీణ్ వచ్చాడు. నిబంధనల ప్రకారం చేతులకు గ్లౌజులు, రొట్టెకు చపాతీ కర్ర తప్పనిసరి. జొన్నపిండి ఆ నిబంధనలు చదవలేదు. కర్ర పడ్డ ప్రతిచోటా రొట్టె ముక్కలైంది. ప్రవీణ్ ఏమాత్రం తొణక్కుండా ఆ ముక్కల మీద పుదీనా ఆకు పెట్టి, "విచ్ఛిన్న రొట్టె" అని పేరు పెట్టాడు.

హులిగెమ్మ గ్లౌజులు ఊడబెరికింది. (అర మార్కు కోత.) తన అర లీటరు నీళ్లూ మరగబెట్టి పిండిలో పోసి, మెత్తగా పిసికి, రెండు చేతులా టపటపా తట్టింది. ఆరు రొట్టెలు పెనం మీద పొంగాయి. వాటిని పళ్లెంలో పెట్టి, పక్కన శెనక్కాయల పొడి వేసి, "నమూనా" అన్న చీటీ ఆనించింది. ముఖ్య అతిథి ఉపన్యాసం ముగిశాక మార్కులు వేస్తారు.

ఉపన్యాసం సాగుతూనే ఉంది. ఓబుళేశు వాసన పట్టుకుని వచ్చాడు. మొదటి రొట్టె తనిఖీ కోసం తిన్నాడు. రెండోది తొలి తనిఖీ సరిగా జరిగిందో లేదో చూడటానికి. మిగతా నాలుగింటికి అక్కడికక్కడే ఉపసంఘం ఏర్పడింది. శానా బాగుండాదని ఓబుళేశు వేళ్లు నాక్కుంటూ అన్నాడు.

హులిగెమ్మకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఖాళీ పళ్లేన్ని మించిన సర్టిఫికెట్ ఆమె ఎరగదు. సంబరంగా పళ్లెం తుడిచి, చీటీ తీసేసి, మిగతా ఖాళీ పళ్లేలతోపాటు బోర్లించింది.

శనివారం ఫలితాలు అంటించారు. హులిగెమ్మకు వైన్‌లో విశేష ప్రతిభ. రొట్టెలో "నమూనా సమర్పించలేదు". మొదటి స్థానం విచ్ఛిన్న రొట్టెది. ఒక్క ముక్కా తగ్గకుండా పరిశీలనకు అందుబాటులో ఉన్న నమూనా అదొక్కటే.

సోమవారం బంకు ఎత్తేశారు. హులిగెమ్మ మండలి ఆఫీసుకు వెళ్లి ఓబుళేశు ఎదుట నిలబడింది.

"మీరే తింటిరి గదా సార్. బాగుండాదని మీరే అంటిరి గదా."

తిన్నది వ్యక్తిగత హోదాలో అనీ, మార్కులు వేసింది అధికార హోదాలో అనీ, రెండింటినీ కలపడం అవినీతి కిందికి వస్తుందనీ ఆయన ఓపికగా వివరించాడు. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లకు ఏ హోదా వర్తిస్తుందో ఆయన చెప్పలేదు.

హనుమేష్ మనసాగక మెట్ల దాకా వెంట వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"వచ్చే యేడు మళ్లీ పెడతారు అక్కా. అప్పుడు ఇంకో నాలుగు ఎక్కువ చెయ్యి. మేం తిన్నా ఒకటి మిగలాల గదా."

(ఈ సలహా నియమావళిలో లేదు. కేవలం మానవతా దృక్పథంతో ఇచ్చినది.)