చెంచులక్ష్మి పరీక్షకి వేసిన దురాయి

లాసెట్‌కు ముందురోజు పొద్దున చెంచులక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆ రోజంతా రాజ్యాంగం ప్రశ్నలు మరోసారి తిరగేయాలి. మర్నాడు తెల్లవారగానే సుబ్బన్న చేపల ఆటోలో నెల్లూరు చేరాలి. పోయిన ఏడాది పరీక్ష జ్వరంలో కొట్టుకుపోయింది. ఈసారీ పోతే మళ్లీ ఏడాది పొడుగునా కంపెనీలో రొయ్యల తలలు తుంచడమే. అందుకే నెల్లూరు లా కాలేజీలో సీటు మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది.

అడ్డమల్లా పోలేరమ్మ గుడి మైకు. వాళ్ల జాలరి పాళెం విడవలూరు దాటి సముద్రం ఒడ్డున ఉంది. ఆ మైకు మోగిందంటే నడిసముద్రంలో వల వేసేవాడు కూడా పాట అందుకుంటాడు. చెవుల్లో దూది కుక్కుకుని చదువుతున్న కూతుర్ని చూసి ఓబయ్య మనసు కరిగిపోయింది. నేరుగా ఊరి పెద్ద, పెద్దకాపు ఓబులేసు దగ్గరికి వెళ్లాడు.

"మా పాప రేపు లాయరు పరీక్ష రాస్తాది మామా. మైకు రవంత తగ్గించమని చెప్పు."

"తగ్గించేదేంది?" అన్నాడు ఓబులేసు మీసం దువ్వుకుంటూ. "మన పాళెంలో లాయరు లేకనే గదా ప్రతిదానికీ నెల్లూరు పోయి ఎవురి కాళ్లో పట్టుకుంటుండాం. దురాయి ఏస్తా."

దురాయి అంటే ఆ తీరంలో పెద్దకాపు కట్టడి. వేశాక, ఆయనే ఎత్తేదాకా ఊరంతా తలవంచాల్సిందే. చెంచులక్ష్మి పరీక్ష రాసేదాకా పాళెంలో చప్పుడు చేయకూడదని చాటింపు వేశారు, చెవులు చిల్లులు పడేంత చప్పుడుతో.

ముందు మైకు ఆగింది. తర్వాత ఎవరికో అనుమానం వచ్చింది, పడవ ఇంజనుది మాత్రం చప్పుడు కాదా అని. పడవలు ఒడ్డుకెక్కాయి. పడవలు పోకపోతే చేపలుండవు, చేపలు లేకపోతే వేలంపాట ఉండదు. వేలంపాట లేని ఊళ్లో ఆటోకేం పనని సుబ్బన్నను రావద్దన్నారు. ఆపైన సెల్‌ఫోన్లు కూడా ఆపేశారు. చెంచులక్ష్మి తల్లి అంకాలమ్మ కోడిపుంజును బుట్ట కింద మూసి, కూయొద్దని దాన్ని బతిమాలుకుంది. ఆటో సంగతి మాత్రం చెంచులక్ష్మికి ఎవరూ చెప్పలేదు, చదువు చెడుతుందని.

మర్నాడు హాల్‌టికెట్టు పట్టుకుని నిలబడితే ఆటో జాడ లేదు. సంగతి అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు. ఓబయ్య పరుగున వెళ్లి మోటారు సైకిలు మీద కాలు వేశాడో లేదో, ఓబులేసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చప్పుడు" అన్నాడు గుసగుసగా.

"తాతా, ఆ దురాయి నా కోసమే గదా ఏసింది" అంది చెంచులక్ష్మి. ఆమె గొంతు కూడా దానంతటదే తగ్గింది.

"ఎవురి కోసమైనా దురాయి దురాయే. నువ్వు పరీక్ష రాసినాక ఎత్తేస్తా."

"నన్ను పోనియ్యకపోతే ఎట్టా రాసేది?"

"రాయకపోతే నేనెట్టా ఎత్తేది?" అన్నాడు ఓబులేసు. అప్పుడు ఆయనకూ దిగులు పట్టుకుంది.

పెద్దలు తలలు దగ్గర పెట్టి, పొలిమేర దాకా బండిని తోసుకుపోవచ్చని తీర్పు చెప్పారు. ఊరు ఊరంతా వచ్చి ఊపిరి బిగబట్టి ఇసుకలో తోసింది. పొలిమేర దాటాక ఓబయ్య కిక్కు కొట్టాడు, మళ్లీ కొట్టాడు, ఆ తర్వాత నాలిక కరుచుకున్నాడు. చప్పుడవుతుందని ముందురోజు పెట్రోలు బంకుకు వెళ్లలేదు. చెంచులక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక వ్యాను వచ్చి ఆగింది. నిండా పక్క పాళెం జనం, డప్పులు, బంతిపూల దండలు. ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ దిగారు.

"ఎవురు పోయినారు?" అన్నాడు ఓబులేసు, తనకు తెలియకుండా తన ఊళ్లో ఎవరు పోయారోనని కంగారుపడుతూ.

అందరికంటే ముందున్నామె ఏడుపు సగంలో ఆగిపోయింది.

"నువ్వే మామా" అన్నాడు వాళ్ల కాపు సుకుమార్, చేతిలో దండ ఎక్కడ పెట్టాలో తెలియక. "ఒక్క పడవ కదల్లే, ఒక్క ఫోను పలకలే. పెద్దకాపు పోతేగానీ ఇంత దురాయి పడదని వచ్చేసినాం."

సంగతంతా విన్నాక అతను ఆ దండ వ్యానుకే తగిలించాడు. "పాపను ఎక్కించండి" అని వ్యాను వెనక్కి తిప్పించాడు.

దారిలో చెంచులక్ష్మి కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. ఒక రోజు వేట మానితే ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆమెకు తెలుసు. ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు. తనకోసం ఇంతమంది నోరు కట్టుకున్నారని తలుచుకుంటే, ఇంత అదృష్టం ఎందరికి ఉంటుందనిపించింది. డప్పులూ దండలూ చూసి నెల్లూరు జనం బళ్లు పక్కకు తీసి దారి ఇచ్చారు. ఒక పోలీసాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. గేటు మూస్తుండగా చెంచులక్ష్మి లోపలికి దూరింది.

పరీక్ష బాగా రాసింది. కౌన్సెలింగులో కోరుకున్నట్టే నెల్లూరులో సీటు వచ్చింది. ఆ సాయంత్రం ఊరంతా గుడి ముందు చేరితే, పేరుపేరునా అందరికీ దణ్ణం పెట్టింది. పక్క పాళెం వాళ్లకు రెండుసార్లు పెట్టింది. ఓబులేసు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"నీ చదువు అయ్యేదాకా ఏ లోటూ రానియ్యం మే. మేమంతా ఉండాం. ఇంతకీ ఎన్నాళ్లు చదవాల?"

"అయిదేళ్లు తాతా."

దురాయి వేయకుండానే పాళెమంతా నిశ్శబ్దమైపోయింది.