పోయింది! పోయింది! ఏం పోయింది?

ఆగండాగండి! ఆ రిమోట్ కింద పెట్టండి. మ్యూట్ నొక్కేముందు ఒక్క నిమిషం నా మాట వినండి.

టీవీలో తెలుగు క్రికెట్ కామెంటరీ మన జాతికి దొరికిన వరం! ఒకప్పుడు ఇద్దరుండేవాళ్లు, వంతులేసుకుని మాట్లాడేవాళ్లు. పాపం, ఎంత పేదరికం! ఇప్పుడు ఎనిమిది మంది. ఇంకో ముగ్గురు దొరికితే వాళ్లే ఒక టీమ్. ఎనిమిది మందీ ఒకేసారి మాట్లాడతారు. ఒక్క రీచార్జికి ఎనిమిది నోళ్లు! ఇంకేం కావాలండీ?

జ్ఞానం సంగతి చూడండి. మొన్న ఒక్క ఓవర్లో నేను నేర్చుకున్నవి: గోంగూర మటన్‌లో గోంగూర ఎప్పుడు వేయాలి, వాళ్లలో ఎవరు కొత్తగా జుట్టు నాటించుకున్నారు, ఎవరి బావమరిది ఏ కారు కొన్నాడు. ఆ ఓవర్లో పరుగులెన్నంటారా? ఇన్ని చెప్పినవాళ్లని అది కూడా అడుగుతారా? ఎంత ఆశండీ మీకు!

వ్యవసాయానికీ లాభమే. నాగాయలంకలో మా ఫ్రెండ్ బెన్నీ వాళ్లకి రొయ్యల చెరువులున్నాయి. రొయ్యల్ని తినేసే పిట్టల్ని తోలడానికి ఇదివరకు టపాకాయలు కాల్చేవాళ్లు. ఇప్పుడు గట్టు మీద షెడ్డులో టీవీ పెట్టి సౌండ్ ఫుల్! కొంగలన్నీ కృష్ణ దాటి పారిపోయాయి.

"యాడ్స్ వచ్చినప్పుడే ప్రాబ్లం బ్రో, ప్రశాంతంగా ఉంటే తిరిగొచ్చేస్తన్నాయి," అంటాడు బెన్నీ.

ఇంత మేలు చేసే కామెంటరీ మా గోవిందరాజులు బాబాయ్‌కి మాత్రం పడదు. పెడనలో కలంకారీ అచ్చులు వేస్తాడాయన. చెక్క అచ్చుని రంగులో అద్ది గుడ్డ మీద గుద్దాలి. నూలుపోగంత జరిగినా డిజైన్ పోయినట్టే. అందుకే బాబాయ్ మ్యాచ్ చూడడు, వింటాడు. కళ్లు గుడ్డ మీద, చెవులు టీవీలో!

ఆదివారం ఫైనల్. నేను బాబాయ్ ఇంట్లోనే ఉన్నాను. బల్ల మీద ఒక దుప్పటి. బాబాయ్ కూతురు తనూజ విజయవాడ ఎగ్జిబిషన్‌లో మొదటిసారి స్టాల్ పెడుతోంది, దానికి ముందు వేలాడదీసేది ఇదే. పొద్దున ఫస్ట్ బస్సుకి వెళ్లిపోవాలి. అంచు మీద నెమళ్లు నాలుగే మిగిలాయి. ఆటలోనూ నాలుగు బంతులే, మనకి కావాల్సింది ఏడు పరుగులు!

"పోయింది... పోయింది... పోయిందీ!" అని టీవీలో ఒకాయన అరిచాడు.

బాబాయ్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఏం పోయిందిరా? బంతా, వికెట్టా?"

వంటింట్లోంచి చిలకమ్మ పిన్ని, "కరెంటేమో చూడండి!" అంది.

టీవీలో రెండో ఆయన, "మామూలుగా పోలేదు బ్రో!" అన్నాడు. మూడో ఆయన, "నేను పొద్దున్నే చెప్పానా లేదా!" అన్నాడు. మిగతా అయిదుగురూ నవ్వారు. నేను "ఒక్క పరుగే బాబాయ్!" అని గొంతు చించుకున్నా, ఎనిమిది మంది మీద నేనెంత?

"ఒరేయ్, అంతమంది ఉన్నారు, ఒక్కడికీ స్కోరు తెలీదంట్రా?" అన్నాడు బాబాయ్.

క్షమించండి, మ్యూట్ నొక్కేశాను. నేనే మొదలెట్టాను. "మూడు బంతులు, ఆరు పరుగులు. బౌలర్ వస్తున్నాడు. వేశాడు. డిఫెన్స్. పరుగు లేదు."

టక్! నెమలి పడింది, చక్కగా.

"రెండు బంతులు, ఆరు. వేశాడు. ఆఫ్ సైడ్ బంతి, మనవాడు వదిలేశాడు."

"వదిలేశాడా, సన్నాసి!" టక్! ఇంకో నెమలి. తర్వాతది కూడా టక్!

ఇక మిగిలింది ఒక బంతి, ఒక నెమలి. బాబాయ్ అచ్చుని రంగులో అద్ది గుడ్డ మీదకి తెచ్చాడు. బౌలర్ వేశాడు. మనవాడు కొట్టాడు. నేను చూశాను! బంతి స్టేడియం కప్పు మీద పడింది!

"చెప్పరా!" అన్నాడు బాబాయ్. అచ్చు గుడ్డకి అంగుళం పైన ఉంది. ఆయన గెలిచామంటే ఎగిరి గంతేసే మనిషి. గంతేస్తే దుప్పటి నాశనం, తనూజ స్టాల్ బోసి. చెప్పకుండా ఆగుదామంటే నా గుండె ఆగేలా ఉంది.

"చెప్పవేంట్రా, నువ్వూ ఆ బాపతేనా?" అని గుడ్డ మీంచి తల ఎత్తబోతున్నాడు.

ఇప్పుడు చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?