తోసే పడవ, తోయకూడని పడవ

అయ్యలారా, అమ్మలారా! చమురు ధర పడిపోవడాన్ని మించిన మేలు మన యానాంకు మరొకటి జరగలేదని నా గట్టి అభిప్రాయం. నమ్మరా? అయితే మన ఊరి దుర్గాప్రసాద్ సంగతి వినండి.

పన్నెండేళ్లు అతను సప్లై వెసల్ నడిపాడు. నడిసముద్రంలో చమురు తవ్వే రిగ్గులకు డీజిల్, పైపులు, బియ్యం, కోడిగుడ్లు మోసే ఓడ అది. ఆ ఉద్యోగానికి ఒకటే సూత్రం: రిగ్గుకు తగలకూడదు! ఎంత గాలి కొట్టినా పది మీటర్ల దూరంలో ఓడను కదలకుండా నిలబెట్టాలి. తగిలితే ఉద్యోగం ఊడుతుంది.

తగలకుండానే ఊడింది. చమురు ధర పడగానే కంపెనీ ఓడలకు లంగరేసి మనుషులను ఇళ్లకు పంపేసింది.

ఎంత అదృష్టం! ఇంట్లో కూర్చున్న దుర్గాప్రసాద్ రోజూ ఉదయం ఫ్రిజ్‌కు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ చేసేవాడు. గ్యాస్ సిలిండర్ దగ్గర ఫైర్ డ్రిల్ పెట్టి, అత్తగారిని కూడా లైన్లో నిలబెట్టాడు.

"మీకు దణ్ణమెడతానండి, ఏదో ఒక పడవెక్కెయ్యండి. టగ్గయినా పర్లేదు!" అంది భార్య తేజస్విని.

కాకినాడ రేవులో టగ్గు, అదే పెద్ద ఓడలను గట్టుకు తోసే చిన్న పడవ, దొరికింది. జీతం సగమే. అయితేనేం, రోజూ ఇంటి భోజనం! మొదటి రోజే ఒక పెద్ద సరుకుల ఓడను గట్టుకు చేర్చాలి. దుర్గాప్రసాద్ టగ్గును దానికి పది మీటర్ల దూరంలో, రవ్వంత కూడా కదలకుండా నిలబెట్టి, మెచ్చుకోలు కోసం ఎదురుచూశాడు.

"ఆగిపోయారేంటండీ? తొయ్యండి!" అని రేడియోలో, పెద్ద ఓడను రేవులోకి నడిపించే పైలట్ కేక.

"తగులుద్దండీ!"

"తగలాలనేనండి మీకు జీతాలిచ్చేది!"

కళ్లు మూసుకుని తోశాడు. ఓడను గుద్దేశానన్న దిగులుతో ఆ పూట అన్నం సహించలేదు. నెల తిరిగేసరికి మాత్రం రుచి మరిగాడు. ఇంటి గేటును కూడా బండి ముందు చక్రంతోనే తోసి తెరిచేవాడు. ఇంత చదువు ఏ యూనివర్సిటీ చెబుతుందండీ?

ఈలోగా చమురు ధర కాస్త లేచింది. పాత కంపెనీ పిలిచింది. సంబరంలో టగ్గుకు రాజీనామా ఇచ్చి మరీ పరీక్షకు వెళ్లాడు పాపం. సిమ్యులేటర్ తెర మీద రిగ్గు కనబడింది. దుర్గాప్రసాద్ దగ్గరికి వెళ్లి, ప్రేమగా ముక్కు ఆనించి, తోశాడు. రిగ్గు ఒరిగిపోయింది.

"టగ్గోడివైపోయావయ్యా!" అంటూ పరీక్ష పెట్టిన కెప్టెన్ శ్రీరామచంద్రమూర్తి గారు కాగితం మీద 'అనుభవం లేదు' అని రాసేశారు. పన్నెండేళ్లు రెండు ముక్కల్లో పోయాయి.

నెల తిరగకుండానే ధర మళ్లీ పడింది. దుర్గాప్రసాద్ టగ్గు ఆఫీసు మెట్లెక్కాడు.

"మీ సీటు నిండిపోయిందండి. మీకన్నా పెద్ద కెప్టెన్ గారు, మీకన్నా తక్కువకే వచ్చారు" అన్నాడు మేనేజర్, కిటికీలోంచి రేవు చూపిస్తూ.

ఓడకు పది మీటర్ల దూరంలో టగ్గు రవ్వంత కూడా కదలకుండా నిలబడి ఉంది. లోపల శ్రీరామచంద్రమూర్తి గారు చెమట తుడుచుకుంటున్నారు.

"ఎలాగూ వచ్చారు కదండీ, ఆయనకి తొయ్యడం నేర్పేసి వెళ్లండి" అన్నాడు మేనేజర్.

దుర్గాప్రసాద్ నేర్పాడు. సాయంత్రానికల్లా పెద్దాయన అనుభవం ఉన్నవారైపోయారు. ఇదండీ మాంద్యం మహిమ! అందరికీ అన్ని పనులూ వచ్చేస్తాయి, ఎవరికీ ఉద్యోగం నిలవదు. లంగరేయించిన యజమానులు మాత్రం కుర్చీ కూడా మారలేదు, వాళ్లకు నేర్చుకునే భాగ్యం లేదు.

దుర్గాప్రసాద్ ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తీశాడు. తేజస్విని అడగకుండానే విషయం గ్రహించి, ఫైర్ డ్రిల్‌కు తల్లిని పిలిచింది.