అర సేరు పురందరదాసు

నలభై ఒకటో సంవత్సరం శ్రీరామనవమి పొద్దున, బెంగుళూరు కాటన్‌పేటలో నంజప్ప తన మిఠాయి అంగడి తలుపులు మామూలుకన్నా ముందే తీశాడు. ఆ రోజు నుంచి తొమ్మిది దినాలూ చామరాజపేట పందిట్లో పాటకచేరీలు. వినబోయేవాళ్ళు చాలామంది ఈ వీధి మీదుగానే నడిచిపోతారు. అందుకని మూడు తట్టలకు మూడు అట్టముక్కలు కట్టాడు: త్యాగరాజ లడ్డు, దీక్షితుల జిలేబి, పురందర మైసూరుపాకు.

"అక్కా, పేర్లు ఎట్లుండాయి?"

పొయ్యి దగ్గర కూర్చున్న సొన్నమ్మ అట్టలు కూడబలుక్కుని చదివింది. "బాగుండాయిరా. అమ్ముడుపోకపోతే?"

"పోకపోతే సాయంత్రం రైలుకు కోలారు. గనిలో పని చూసిపెట్టినారని చెప్తానే ఉండా కదా."

చెబుతూనే ఉన్నాడు. ఆమెకు వారం నుంచీ నిద్ర లేదు. సొన్నమ్మ మొగుడు కూడా ఇట్లాగే ఒక సాయంత్రం రైలుకు కోలారు గనికి పోయాడు. తరువాత ఆయన పంచెలే తిరిగొచ్చాయి. ఇక మిగిలింది ఆమె ఎత్తుకుని పెంచిన ఈ తమ్ముడొక్కడే. వాడి బట్టలు అప్పుడే మూటగట్టి ఉన్నాయి.

మొదటి బేరం భజన మండలి పెద్ద వెంకటరాయప్ప. నంజప్ప ఉత్సాహంగా లేచి, "రండి సామీ! ఎన్ని త్యాగరాజులు కట్టమంటారు?" అన్నాడు.

పెద్దాయన అట్ట చదివాడు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు. చెప్పులు విడిచాడు.

"ఏమప్పా నంజప్పా, నీకు మతి ఉండాదా? ఆ మహానుభావుని పేరు పెట్టి, పండ్లతో కొరకమంటావా నన్ను?"

"పేరే కదా సామీ, లోపల శనగపిండి..."

"ఛీ! నోరు మూయి."

పెద్దాయన వెనుదిరగబోయాడు. ఆయన పోతే ఆయన వెంట మండలి మొత్తం పోతుంది, దాని వెంట తమ్ముడూ పోతాడు. సొన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. గబగబా తులసాకు తుంచి లడ్డుల మీద వేసి, కర్పూరం వెలిగించి, గంట వాయించి హారతి ఇచ్చేసింది.

"అయిపోయింది సామీ. ఇప్పుడది ప్రసాదం. కొరకచ్చు."

వెంకటరాయప్ప ముఖం విప్పారింది. హారతి కళ్ళకద్దుకుని, పళ్ళెంలో ఏదో వేసి, లడ్డులు ఉత్తరీయంలో కట్టుకుని వెళ్ళిపోయాడు. నంజప్ప పళ్ళెంలో చెయ్యి పెట్టబోయాడు. సొన్నమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ముట్టద్దురా! హారతి దుడ్డు దేవునిది."

"మరి లడ్డులు ఎవరివే?"

సొన్నమ్మ పళ్ళేన్ని వాడికి అందకుండా పక్కకు జరిపింది.

గంట మోత విని జనం చేరారు. పూలమ్మే మారెమ్మ అర సేరు మైసూరుపాకు అడిగింది. నంజప్ప కత్తి తీశాడు.

"అయ్యయ్యో! కోస్తావా దాసయ్యను?"

"కోయకుండా ఎట్ల తూచేదమ్మా?"

"తూచేది వేరేనా? ఒక పక్క పురందరదాసు, ఇంకో పక్క గుండు! నీ చేతులు పడిపోనూ!"

సొన్నమ్మ మళ్ళీ కర్పూరం వెలిగించింది. హారతి అయ్యాక కోయడానికి మారెమ్మ ఒప్పుకుంది కానీ, తూకానికి ఒప్పుకోలేదు. ప్రసాదం చేతికి ఎంత వస్తే అంత.

అంతలో వెనక నుంచి ఒకాయన, సంగీతానికే తాతలాంటి దాసులవారిని కింది పలక మీద పెట్టారేమని నిలదీశాడు. సొన్నమ్మ లెంపలు వేసుకుని ఆ తట్టను పైకెక్కించింది. దాంతో జిలేబి కిందికొచ్చింది. జనంలో ఉన్న ఒక వీణ మాస్టారికి దీక్షితులవారిని దించారని కోపమొచ్చింది. జిలేబి పైకెక్కింది, లడ్డు దిగింది. చివరకు మూడు తట్టలనూ వరసగా బల్ల మీద పెడితే, నడుమ ఎవరుండాలని మళ్ళీ మొదలైంది. నంజప్ప ఇక భరించలేక బల్ల చుట్టూ తట్టలను తిప్పుతూ నిలబడ్డాడు. జనానికి అది ఊరేగింపులా తోచి, గోవిందలు కొట్టారు.

మధ్యాహ్నం దాటేసరికి తట్టలు నున్నగా ఖాళీ. గల్లాపెట్టె కూడా అంతే. హారతి పళ్ళెం మాత్రం ఎత్తలేనంత బరువైంది. ధర అడగడానికి మొహమాటపడి, ప్రతివాళ్ళూ కొంచెం ఎక్కువే వేశారు మరి.

"ఎదురుగా దుడ్డు పెట్టుకుని దివాలా తీసింది నేనొక్కన్నే," అంటూ నంజప్ప మూట భుజాన వేసుకున్నాడు. "జట్కా వచ్చే యాళయింది. పోయొస్తా అక్కా."

సొన్నమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది.

ఆమె వెనకే వెంకటరాయప్ప, భజన మండలితో సహా దిగాడు. "ఇంకా ఉండాయా ప్రసాదాలు?"

సొన్నమ్మ ఏడుస్తూనే జరిగిందంతా చెప్పింది. "దేవుని దుడ్డు సామీ ఇది. గుడికిచ్చేస్తా. వీన్ని మాత్రం పోనీకండి."

"గుడికెందుకమ్మా? ఆ స్వాముల నైవేద్యానికి వచ్చిన దుడ్డు ఆ స్వాముల నైవేద్యానికే పోవల్ల. ఏమప్పా, రేపు మళ్ళీ చెయ్యి."

"నాకేం మిగుల్తుంది సామీ?"

"చక్కెర, నెయ్యి, అంగడి బాడిగ, నీ కూలి, అన్నీ నైవేద్యం కర్చే. కూలి ఇంతని నువ్వే చెప్పు, మండలి ఒప్పుకుంటుంది. మధ్యలో వదిలి పోతే మాత్రం దేవుని సొమ్ముతో పరారైనట్టు లెక్క."

నంజప్ప మూట దించాడు. కూలి ఎంత చెప్పాలా అని ఆలోచనలో పడ్డాడు. జట్కావాడు వస్తే సొన్నమ్మే ఎదురుపోయి తిప్పి పంపింది.

ఊపిరి పీల్చుకున్న మరుక్షణం ఆమెకు ఇంకో దిగులు పట్టుకుంది. "నవమి కచేరీలు అయిపోయినాక, సామీ?"

"అయినాక ఇంకో స్వామి పేరు పెట్టుకోండి. దానికేముంది?"

"ఇట్లా పాటలు కట్టిన స్వాములు మొత్తం ఎంతమంది ఉంటారు?"

"లెక్కెవరు పెట్టినారమ్మా? వందల్లో ఉండారు."

కర్ణాటక సంగీతం మీద సొన్నమ్మకు భక్తి కుదిరింది ఆ నిమిషంలోనే.