డిసెంబర్ మూడు వందల పన్నెండు

సంవత్సరానికి పన్నెండు నెలలే ఉండాలని పట్టుబట్టేవాళ్ళకు దేశభక్తి లేదు!

ఈ మాట ఊరికే అనడం లేదు. కిందటి సంవత్సరాన్ని మా ప్రభుత్వం ఇరవై ఒక్క నెలల పైచిలుకు నడిపించింది. ఆ ఏడాదంతా బతికి బయటపడ్డవాడిగా చెబుతున్నాను, అంత సుఖం నా జన్మలో ఎరగను.

జరిగిందేమిటంటే, ఆ ఏడాదికి ఆరోగ్య సంవత్సరమని పేరు పెట్టారు. ఏడాది ముగిసేలోపు పెద్దాసుపత్రి లిఫ్టు బాగు చేయిస్తామని మంత్రిగారు మైకులో మాటిచ్చారు. డిసెంబర్ ముప్పై ఒకటి వచ్చేసింది. లిఫ్టు మాత్రం కింది అంతస్తులో నోరు తెరుచుకుని అలాగే ఉంది. ఇప్పుడేం చేయాలి? ఇంకో ప్రభుత్వమైతే మాట తప్పేది. మాది అలాంటిది కాదు! లిఫ్టు కదిలేదాకా ఏడాది ముగియదని ఆ సాయంత్రమే ఆర్డరు వేసింది. పొద్దున లేచేసరికి డిసెంబర్ ముప్పై రెండు!

దీనివల్ల ఒనగూడిన లాభాలు అన్నీ ఇన్నీ కావు. ఏడాది తిరగ్గానే అద్దె పెంచే మా ఇంటి ఓనరు రోజూ మా గుమ్మంలో నిలబడి, గోడ మీద క్యాలెండర్ వంక చూసి, నిట్టూర్చి వెళ్ళిపోయేవాడు. పెళ్ళిరోజు మరిచిపోయి తిట్లు తినే నాలాంటి భర్తలకు మరిచిపోవడానికి పెళ్ళిరోజే రాలేదు. ఆఫీసులో నా పక్క సీటు ఆయన కొత్త సంవత్సరం నుంచి సిగరెట్లు మానేస్తానని పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టుకు ఏ భంగమూ రానివ్వకుండా రోజుకు రెండు పెట్టెలు ఊదిపారేశాడు.

క్యాలెండర్ ఒక్కటే కాస్త ఇబ్బంది పెట్టింది. కింద కాగితాలు అతికించుకుంటూ పోతే అది నేలకు తాకి, అక్కణ్ణుంచి మంచం కిందికి దూరింది. తారీఖు కావాలంటే మా ఆవిడ చీపురుతో బయటికి లాగేది.

డిసెంబర్ నూట యాభయ్యో తేదీకి రోడ్డు మీద తారు కరుగుతోంది. అయితేనేం? డిసెంబరంటే చలే కదా! ఆఫీసుల్లో ఫ్యాన్లు బంద్ చేశారు. అందరం స్వెట్టర్లు తొడుక్కుని వెళ్ళాం. మా మేనేజరు మెడకు మఫ్లర్ చుట్టుకుని, ముక్కు మీది చెమట ఫైళ్ళ మీద కారుతుండగా, "ఈసారి చలి కొంచెం తేడాగా ఉందయ్యా" అన్నాడు. ఎవ్వరం నవ్వలేదు. ఇంతటి క్రమశిక్షణ ఏ దేశంలో ఉంది చెప్పండి!

ఇంత మంది సుఖపడుతుంటే మొహం మాడ్చుకున్నది ఒక్కతే. మా చెల్లెలు!

ఆమె ఆ పెద్దాసుపత్రిలోనే కాంట్రాక్టు నర్సు. లిఫ్టు లేదు కాబట్టి రోగుల్ని స్ట్రెచర్ మీద మూడో అంతస్తుకు మోసుకెళ్ళాలి. నాలుగు మూలలా నలుగురు. మెట్లెక్కేటప్పుడు బరువంతా కిందివైపు పడుతుంది. ఆ కిందివైపు ఎప్పుడూ మా చెల్లెలే. అలా మోయగా మోయగా పైవాళ్ళు కనికరించి, వచ్చే ఏడాది పర్మనెంట్ చేస్తామన్నారు. కాకపోతే నలభై నిండకూడదని ఒక షరతు. ఆమెకు నలభై నిండేది మార్చిలో. జనవరి వస్తే చాలు, ఉద్యోగం ఖాయం.

ఆ జనవరే రాలేదు.

"ఈ ఏడాది ఎప్పుడైపోతుంది అన్నయ్యా?" అని అడిగేది, నడుముకు వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుకుంటూ.

"పిచ్చిదానా! మార్చి వస్తేనే కదా నీకు నలభై నిండేది. ప్రభుత్వం నీ వయసు కూడా ఆపేసింది. సంతోషించు" అనేవాణ్ణి.

"ఆ సంగతి నా నడుముకు కూడా కాస్త చెప్పు."

చివరికి ఒకరోజు మంత్రిగారి మోకాలు పట్టేసింది. మోకాళ్ళ డాక్టరు ఉండేది పెద్దాసుపత్రి మూడో అంతస్తులో. ఇంకేముంది, నాలుగు రోజుల్లో లిఫ్టు తళతళలాడిపోయింది! డిసెంబర్ మూడు వందల పన్నెండున మంత్రిగారు రిబ్బను కత్తిరించి, అందులోనే పైకి వెళ్ళారు. దాంతో ఏడాది ముగిసింది. మర్నాడు లేచి చూస్తే కొత్త సంవత్సరం, అక్టోబర్ తొమ్మిది! మధ్యలో నెలలన్నీ ఎటు పోయాయని ఎవరూ అడగలేదు. అడగడం మా అలవాటు కాదు.

చెల్లెలు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆసుపత్రి ఆఫీసరూ మూడో అంతస్తులోనే ఉంటాడు. ఏది అడిగినా "చూద్దాం" అంటాడు గనక ఆయన్ని చూద్దాం సారంటారు. లిఫ్టులోనే వెళ్ళాం. అద్దంలో జుట్టు సర్దుకుంటూ చెల్లెలు నవ్వింది. దాని నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో!

"వచ్చే ఏడాది వచ్చేసింది సార్" అంది.

"సంతోషం సిస్టర్. నీ వయసెంత?"

"ముప్పై తొమ్మిది సార్. మార్చి రాలేదుగా."

"రాకపోవడమేంటమ్మా? ఇప్పుడు అక్టోబర్. మార్చి ఎప్పుడో వెళ్ళిపోయింది. నీకు నలభై నిండిపోయాయి."

"అయితే ఆ తొమ్మిది నెలలూ చాకిరీ చేశాను సార్. అదన్నా సర్వీసులో కలపండి."

"ఎలా కుదురుతుంది? అవన్నీ డిసెంబర్లోవి. ఏడాదికి ఏడాది సర్వీసే వస్తుంది."

"అంటే నా వయసుకేమో మార్చి వచ్చింది, ఉద్యోగానికి మాత్రం రాలేదు. అంతేనా సార్?"

"చూద్దాం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ప్రభుత్వాన్ని తప్పు పట్టడం మర్యాద కాదు కదా, చెల్లెలి చేయి పట్టుకుని బయటికొచ్చాను. లిఫ్టు ఆగిపోయి ఉంది. మంత్రిగారు మోకాలు నయమై, పొద్దున్నే ఇంటికి వెళ్ళిపోయారట. తలుపుకు అప్పుడే ఒక బోర్డు తగిలిస్తున్నారు: "ఈ ఏడాది ముగిసేలోపు బాగు చేయబడును."

మెట్ల మీదుగా దిగుతుంటే ఒక స్ట్రెచర్ ఎదురొచ్చింది. ముగ్గురే మోస్తున్నారు. కిందివైపు ఒక మూల ఖాళీ. పైనున్న ముసలాయన జారిపోతానేమోనని రెండు చేతులతో అంచులు పట్టుకుని ఉన్నాడు. చెల్లెలు తన సంచి నా చేతికిచ్చి, వెళ్ళి ఆ మూల భుజానికెత్తుకుంది.

పాఠకులారా, కొత్త క్యాలెండర్ కొనుక్కుంటే మంచం కింద కాస్త చోటు ఉంచుకోండి.