అసిరమ్మ వెబ్‌సైటుకి అందం వచ్చిన విధం

“ఇకపై ఈ జిల్లాలో ఏ ఆన్‌లైన్ దుకాణమూ అందవిహీనంగా ఉండటానికి వీల్లేదు!” అని మంత్రిగారు శ్రీకాకుళం సభలో ప్రకటించినప్పుడు నేను మూడో వరుసలో ఉన్నాను. లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాను. ఆన్‌లైన్‌లో లేని దుకాణాల సంగతేమిటని, వాటి ముందు మురుగు పారుతోందని వెనకనుంచి ఎవరో అరిచారు. మురుగు వేరే శాఖ అని మంత్రిగారు శాంతంగా చెప్పారు.

పైలట్ ప్రాజెక్టుకి మా పొందూరు అసిరమ్మ ఖద్దరు దుకాణాన్ని ఎంపిక చేశారు. నా పేరు సూర్యారావు. వాళ్ల పక్కింట్లోనే నా కొరియర్ ఆఫీసు. అసిరమ్మ నాకు అక్కలాంటిది, అప్పా అని పిలుస్తాను. ఆవిడతోపాటు మరో ఎనిమిదిమంది ఆడవాళ్లు నూలు వడుకుతారు. ఆ నూలుతో నేయించిన పంచెలు, చీరలు అమ్మడానికి కూతురు రాణి సెల్‌ఫోన్‌లోనే ఒక వెబ్‌సైటు తయారుచేసింది. పేజీ తెరవగానే అసిరమ్మ కాళ్లు చాపుకు కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్న ఫొటో. దాని కింద తెల్ల పంచెలు. వాటి కింద ‘కొనండి’ అని ఒక బటన్, రాణి ఫోన్ నంబరు. అది అందవిహీనంగా ఉందని మంత్రిగారు చెప్పేదాకా నాకు తెలియదు. ప్రతి సోమవారం అక్కడినుంచి ఏడెనిమిది పార్శిళ్లు వస్తుంటే కట్టి పంపడమే సరిపోయేది.

డిజిటల్ సుందరీకరణ విభాగం స్పెషల్ ఆఫీసర్ నరసింగరావుగారు జీపులో స్వయంగా వచ్చారు. అసిరమ్మ వాకిట్లో కుర్చీ వేయించుకుని, సెల్‌ఫోన్‌లో వెబ్‌సైటు చూసి చాలాసేపు బాధపడ్డారు.

“ఇదేమిటమ్మా, ఇంత తెల్లగా ఉంది?”

“కద్దరు గదా బాబూ. తెల్లగానే ఉంటాది.”

“ఈ ఎముక?”

“వాలుగ సేప దవడ బాబూ. దాని పళ్లు సన్నంగా ఉంటాయి. దాంతో దువ్వితేనే పత్తిలో నలక పోతాది, నూలు సన్నంగా వస్తాది. మా అమ్మ, మా అమ్మమ్మ, అందరూ అలాగే సేసినారు.”

“హోమ్ పేజీలో నాన్‌వెజ్జా!” అన్నారు నరసింగరావుగారు. మంచినీళ్లు తాగి తేరుకున్నాక వెబ్‌సైటు పాస్‌వర్డ్ అడిగారు. రెండే రెండు రోజుల పనన్నారు.

అసిరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. “మా తొమ్మిదిమంది కూడూ దీనిమీదే బాబూ. ఇది ఆగిపోతే మా రాట్నాలు అటకెక్కిపోతాయి” అంది.

అప్పుడు నేనే కలగజేసుకున్నాను. “సర్కారోలు ఉత్తినే సేసిపెడతామంటంటే ఏటాలోసిస్తన్నావప్పా? ఇచ్చీ!” అన్నాను. దేశభక్తి ఆగలేదు. రాణి కాగితం మీద రాసిచ్చింది.

రెండు రోజులు గడిచి ఇరవై అయ్యాక డిజైన్ రివ్యూ మీటింగుకి పిలుపొచ్చింది. అమ్మా కూతుళ్లతో నేనూ వెళ్లాను. విశాఖపట్నం నుంచి వచ్చిన డిజైనర్ పృథ్వీరాజ్ కొత్త హోమ్ పేజీని గోడమీద వేసి చూపించాడు. అందం అంటే అదీ! తెర నిండా మంత్రిగారు. కిందికి జరిపితే ఇంకో పెద్దాయన, ఇంకా జరిపితే మరొకాయన. ఎవరి ఫొటో ఎన్ని అంగుళాలుండాలనే దానిమీదే గంటన్నర చర్చ జరిగింది. నమస్కారం పెడుతున్న ఫొటోలు పైన, చెయ్యి ఊపుతున్నవి కింద అని ఏకగ్రీవంగా తేల్చారు. పెద్దలవే పదకొండు ఫొటోలు. పన్నెండోది కుట్టుమిషన్ ముందు కూర్చుని నవ్వుతున్న ఒక అమ్మాయిది.

“సార్, మేం కుట్టం. వడుకుతాం, నేయిస్తాం” అంది రాణి.

“విజువల్‌గా రెండూ ఒకటేనమ్మా” అన్నారు నరసింగరావుగారు.

“మా అమ్మ ఫొటో?”

“ఎముక ఉంది కాబట్టి మత్స్యశాఖ నుంచి ఎన్ఓసీ రావాలి. లెటర్ పెట్టాం.”

ఇక ‘కొనండి’ బటన్ దగ్గరికి వచ్చారు. అక్కడ మీటింగు ఒక్కసారిగా వేడెక్కింది. ఆ బటన్ రంగు అవతలి పార్టీ రంగట! ఆ రంగేమిటో నేను రాయను, ఎందుకొచ్చిన గొడవ. ఇన్నాళ్లూ జనం ఆ రంగుని రోజూ నొక్కుతున్నారంటే ఎంత కుట్ర అని ఒకాయన బల్ల గుద్దారు. మన రంగు వేద్దామని ఇంకొకాయన అన్నారు. వేస్తే అవతలివాళ్లు కోర్టుకి వెళ్తారని ఇంకొకాయన. చివరికి లీగల్ ఒపీనియన్ వచ్చేవరకు బటన్‌ని తాత్కాలికంగా తొలగించాలని తీర్మానించారు. అందరూ జీడిపప్పు తిని, టీలు తాగి లేచారు.

కొత్త వెబ్‌సైటు వచ్చిన వారానికి, ఏటా నాలుగు పంచెలు కొనే ఎచ్చెర్ల మేష్టారు జగన్నాధంగారు రాణికి ఫోన్ చేశారు. సైటులో నంబరు పోయినా ఆయన దగ్గర పాతది ఉంది.

“ఏటమ్మా, ఆ సేప దవడ బొమ్మ తీసేసినారు? మిల్లుబట్ట అమ్మేస్తన్నారా ఏటి?”

“లేదు మేష్టారూ, అదే కద్దరు. మా అమ్మ వడికిందే.”

“మరి ఆ మిషనెవులిది? సర్లే, కొనాలంటే ఎక్కడ నొక్కాలి? పదకొండు మందినీ నొక్కేసినాను, ఒక్కలూ పలకలేదు.”

రాణి సుందరీకరణ ఆఫీసుకి పరిగెత్తింది. నరసింగరావుగారు ఆమెకి గ్రాఫ్ చూపించారు. వారంలోనే నలభైవేలమంది చూశారు! ఉద్యోగులందరూ పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి సైటు తెరవాలని సర్క్యులర్ వెళ్లిందట. “చూస్తున్నారు కదమ్మా! కొనడానికి తొందరేముంది?” అన్నారు. మార్చిన పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వలేదు.

రెండు నెలలు ఒక్క పార్శిలు కూడా రాలేదు. పంచెలు బీరువాలో మడతలమీదే ఉండిపోయాయి. వడికే ఆడవాళ్లు ఒక్కొక్కరే రొయ్యల కంపెనీ బస్సెక్కారు. తెల్లారకుండా వీధి చివరికి బస్సు వస్తుంది, ఐసులో రొయ్యలు ఒలిచే పని. ఎనిమిదిమందీ వెళ్లిపోయాక అసిరమ్మ ఒక్కతే రాట్నం ముందు కూర్చునేది. ఒకరోజు నా ఆఫీసు మెట్లమీద కూలబడింది.

“కొండనాలిక్కి మందేస్తే ఉన్ననాలిక ఊడిపోనాదిరా సూర్యారావూ. నీ మాటిని ఇచ్చీసినాను. నాకేడుపొస్తన్నాది” అంది. నిజంగానే ఏడ్చింది.

సుందరీకరణలో ఫలితాలు నెమ్మదిగా వస్తాయని చెప్దామనుకున్నాను. మంచినీళ్లు తెచ్చిచ్చాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఎండవల్ల అయ్యుంటుంది.

ఈలోగా వెబ్‌సైటుకి ‘ఉత్తమ దృశ్య రూపకల్పన’ పురస్కారం వచ్చింది. అవార్డు ఇచ్చేదీ తీసుకునేదీ ఒకే శాఖ కాబట్టి ఎక్కడా జాప్యం జరగలేదు. విజయనగరంలో సభ. నేనూ వెళ్లాను. అసిరమ్మని కారులో తీసుకెళ్లి వేదికమీద కూర్చోబెట్టారు. మంత్రిగారు ఉత్సాహం పట్టలేక, “ఇప్పుడే, మీ అందరి ముందూ, నేనే ఒక పంచె కొంటాను!” అన్నారు. పెద్ద తెరమీద వెబ్‌సైటు తెరిచారు. తన ఫొటో దగ్గర కాసేపు ఆగారు. కిందికి జరిపారు, ఇంకా జరిపారు. పదకొండుమందికీ చప్పట్లు పడ్డాయి. కుట్టుమిషన్ అమ్మాయి దాటాక పేజీ అయిపోయింది.

“పంచె ఎక్కడయ్యా?” అన్నారు మంత్రిగారు మైకులోనే.

నరసింగరావుగారు ఆయన చెవి దగ్గరికి వంగారు. మైకు ఆ మాటనీ పట్టుకుంది. “సార్, అమ్మకం ఫేజ్ టూలో ఉంది.”

“శభాష్!” అన్నారు మంత్రిగారు. ఇదే పద్ధతిని మా జిల్లాలో మరో రెండువందల దుకాణాలకు వర్తింపజేస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించి, మైకు అసిరమ్మ చేతికిచ్చారు. “రెండు ముక్కలు మాట్లాడమ్మా. ఈ వెబ్‌సైటు వల్ల నీ జీవితం ఎలా మారింది?”

అసిరమ్మ మైకుని రెండు చేతులతో పట్టుకుంది.

“సోమవారం నుంచి నానూ రొయ్యల కంపెనీకెళ్లిపోతన్నాను బాబూ” అంది.

మర్నాడు పేపరు చూశాను. మొదటి పేజీలోనే, మంత్రిగారి పక్కన అసిరమ్మ ఫొటో. ‘వెబ్‌సైటు సుందరీకరణతో పొందూరు మహిళకు ఉద్యోగం’ అని శీర్షిక. లోపల నరసింగరావుగారి ప్రకటన ఉంది. మిగతా ఎనిమిదిమందినీ కలుపుకుని, ఒక్క దుకాణంతోనే తొమ్మిది ఉద్యోగాలు కల్పించామన్నారు.