జపాన్ తుప్పు

నది అడుగున మెట్రో రైలు నడిచాక కలకత్తాకు జరిగిన అతి పెద్ద మేలు ఏమిటో తెలుసా? జపాన్ వెడ్జి!

నవ్వకండి. బాగా ఆలోచించే అంటున్నాను.

వెడ్జి అంటే గోల్ఫు కర్రల్లో ఒక రకం. బంతిని దూరం కొట్టడానికి కాదు. ఇసుక గుంటలో పడ్డ బంతిని పైకి లేపడానికీ, జెండా దగ్గరికి మెల్లగా చేర్చడానికీ వాడతారు. పొట్టి కర్ర, బరువైన ఇనుప తల. జపాన్‌లో టోర్నమెంట్లు ఆడి బతికే ప్రొఫెషనల్స్ కొన్ని రకాల వెడ్జిలంటే ప్రాణం పెడతారట. ఇన్నాళ్ళూ అవి వాళ్ళకే దొరికేవి. ఇప్పుడు అందరికీ అమ్ముతున్నారు. కేటలాగు అట్ట మీద పెద్ద అక్షరాలతో వేశారు: 'ఇక సామాన్యుడి చేతిలో!'

అది చదివి నాకెంత సంతోషమేసిందో! నేను పనిచేసేది దక్షిణ కలకత్తాలో ఒక ఆట సామాన్ల దుకాణంలో. ఆ కర్రలకు కాగితం చుట్టి ఇచ్చేది నేనే. సామాన్యుడు ఎలా ఉంటాడో చూద్దామని కౌంటరు వెనక ఓపిగ్గా నిలబడ్డాను. వచ్చాడు. డ్రైవరు తలుపు తీస్తే దిగాడు. రెండో సామాన్యుడికి తలుపు తీయడానికి ఒకరు, గొడుగు పట్టడానికి ఒకరు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి లెక్కేసుకుంటే మేముండే ఏక్‌బాల్‌పూర్ లైనిళ్ళలో సామాన్యుడు ఒక్కడూ తేలలేదు! ఇన్నేళ్ళూ మేమే సామాన్యులమని చెప్పుకుని తిరిగినందుకు సిగ్గేసింది.

సరే, లాభాలు చెబుతాను వినండి.

వెడ్జి ఒకటి కొంటే చాలదు. తల వాలు యాభై డిగ్రీలది ఒకటి కావాలి, యాభై నాలుగుది ఒకటి, యాభై ఎనిమిదిది ఒకటి. మధ్యలో ఖాళీ వదిలితే ఆటగాడి మనసులోనూ ఖాళీ ఉండిపోతుందని మా ఓనరు దాదా చెబుతాడు. ఆ ఖాళీలన్నీ పూడ్చేసరికి సంచీ బరువెక్కుతుంది. సంచీ మోసేది ఎవరు? కేడీ. జిమ్ముల్లో జనం తామే డబ్బు కట్టి బరువులెత్తుతున్నారు. కేడీలకు మాత్రం ఎదురు డబ్బిచ్చి ఎత్తిస్తున్నారు! ఇంత అదృష్టం ఎవరికి పడుతుంది?

ఇంకోటి. పాత కర్రతో బంతి ఇసుకలోంచి రాకపోతే తప్పు ఆటగాడిదే అయ్యేది. ఇప్పుడా బాధ లేదు. "ఇది జపాన్ గడ్డికి చేసిన కర్ర, ఇక్కడ అలవాటు పడాలి కదా!" అంటే సరిపోతుంది. ఎవరు అలవాటు పడాలి? గడ్డి!

ఇక సంసారాలు ఎలా చక్కబడుతున్నాయో త్యాగరాజుగారి ఇల్లు చూస్తే తెలుస్తుంది. ఆయన బ్యాంకులో పెద్ద ఆఫీసరు. నాలుగేళ్ళ కిందట రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చారు. పై ఆఫీసరు గోల్ఫు ఆడతారని ఈయనా మొదలుపెట్టారు. పై ఆఫీసరు బదిలీ అయి వెళ్ళిపోయారు. గోల్ఫు మిగిలిపోయింది. మొన్న జనవరిలో మా దుకాణంలోనే జపాన్ వెడ్జి కొన్నారు. దాన్ని ఇంట్లోనే పెట్టుకుని ఆరు నెలలు బాల్కనీలో సాధన చేశారు.

ఆయన భార్య హైమగారు ఒకసారి దుకాణానికి వచ్చి నాతో అన్నారు: "పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆయన ఇంతసేపు ఇంటిపట్టున ఉండటం ఇదే మొదటిసారమ్మా. మొన్న బంతి ఎదురు ఫ్లాటు వాళ్ళ ఇలిష్ చేప పులుసులో పడింది. గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చారు పాపం. నాలుగేళ్ళలో వాళ్ళు మా గుమ్మం తొక్కడం కూడా ఇదే మొదటిసారి!"

చూశారా? ఇరుగుపొరుగు కలవాలంటే ఏం కావాలో!

కానీ ఇవన్నీ చిన్న లాభాలు. అసలు గొప్పతనం తుప్పులో ఉంది.

ఈ వెడ్జిల్లో మేలురకానికి పైపూత ఉండదు. ఉత్త ఇనుము. గాలి తగిలితే తుప్పు పడుతుంది. పట్టాలనే అలా చేస్తారు! తుప్పు పడితే ఎండకు మెరవదట, కంటికి హాయిగా ఉంటుందట, బంతి మెత్తగా తగిలినట్టుంటుందట. పెట్టెలో ఒక చీటీ పెడతారు: 'తడి తుడవండి, రుద్దకండి. తుప్పు లోపం కాదు, ఈ కర్ర వ్యక్తిత్వం. మీ ఊరి గాలీ, దీన్ని తాకిన చేతుల చెమటా కలిసి దాని రంగును తేలుస్తాయి.'

త్యాగరాజుగారు ఆ చీటీని పాఠంలా చదివారు. కర్రను స్నానాలగదిలో గీజరు కింద నిలబెట్టి, ఆరు నెలలు ఓపిక పట్టి, మంచి వక్కపొడి రంగు తుప్పు తెప్పించారు. జూలైలో ఒక ఆదివారం దాన్ని మొదటిసారి క్లబ్బుకు తీసుకెళ్ళారు. ఆట అయ్యాక కర్రలు తుడిచి పెట్టడం కేడీ పని కాబట్టి, అలవాటుగా కేడీ చేతికిచ్చారు.

ఆ కేడీ మా గవరయ్య మావయ్య.

మావయ్య గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేనుండేది ఆయన ఇంట్లోనే. ఆయన తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి ఖిదిర్‌పూర్ డాకుల్లో పనికొచ్చాడు. ఓడలకు తుప్పు గీకే పని. సుత్తితో పెచ్చులు రాలగొట్టాలి, తీగబ్రష్షుతో రుద్దాలి, ఎర్ర ప్రైమరు వేయాలి, దాని మీద అసలు రంగు వేయాలి. మావయ్యా పదిహేనేళ్ళు అదే చేశాడు. పని తగ్గిపోయాక కేడీగా చేరి ఇరవై ఏళ్ళయింది. కానీ ఆయనకు లోకంలో శత్రువు ఇప్పటికీ ఒక్కటే. మా ఇంటి కిటికీ ఊచలు సిల్వరు రంగు. ట్రంకు పెట్టె సిల్వరు రంగు. అత్త అట్లకాడ పిడి కూడా సిల్వరు రంగే!

ఆ ఆదివారం వెడ్జిని గోనెగుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చి అత్త ముందు పెట్టాడు.

"ఓలమ్మో! సూసినావేటే దాలమ్మా? కొత్త సామాను, ఎంత తుప్పట్టీసిందో! బాబు సూసుకున్నట్టు లేడు. సూస్తే గుండాగిపోద్ది."

నేను చీటీ సంగతి చెప్పాను. మెల్లగానే చెప్పాను, నా గొంతు ఎప్పుడూ అంతే. "మావయ్యా, అది తుప్పు పట్టాలనే చేస్తారు."

మావయ్యా దాలమ్మత్తా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తుప్పట్టాలని ఇనుము ఎవుడైనా సేస్తాడేటే గుంటా? పాసిపోవాలని కూరొండుతారేటి?"

"దుకానంలో నిలబడి నిలబడి దీనికి బుర్ర తిరుగుతంది. ముందు అన్నం తినీవే," అంది అత్త.

నేను అన్నం తిన్నాను.

మర్నాడు సోమవారం, క్లబ్బుకు సెలవు. సాయంత్రం నేను దుకాణం నుంచి వచ్చేసరికి వెడ్జి గుమ్మం పక్కన ఆరుతోంది. పెచ్చులు గీకి, కిరసనాయిలుతో కడిగి, ఎర్ర ప్రైమరు ఒక పూత, సిల్వరు రెండు పూతలు. హుగ్లీలో వదిలితే సింగపూర్ దాకా వెళ్ళిపోయేలా ఉంది!

తరవాతి ఆదివారం త్యాగరాజుగారి బంతి ఇసుక గుంటలో పడింది. ఆయన బంతి మీదే చూపు నిలిపి వెడ్జి కోసం చెయ్యి వెనక్కి చాపారు. మావయ్య అందించాడు. కొట్టారు. నాలుగేళ్ళలో మొదటిసారి బంతి ఒక్క దెబ్బకే బయటికి వచ్చి జెండా పక్కన ఆగింది! ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే బంతికి సిల్వరు రంగు అంటుకుని ఉంది. త్యాగరాజుగారు బంతిని చూశారు, కర్రను చూశారు, ఇసుకలోనే కూలబడ్డారు.

"గవరయ్యా! నా ఆర్నెల్ల తుప్పు తుడిచేశావయ్యా!"

"బాబూ, మరి రెండేళ్ళు రాదు బాబూ," అన్నాడట మావయ్య, ధైర్యం చెబుదామని.

కేడీమాస్టరు మావయ్య ఇత్తడి బిల్ల తీసేసుకున్నాడు. తుప్పు తిరిగొచ్చాకే బిల్ల తిరిగిస్తానన్నాడు. బిల్ల ఉంటేనే కేడీని గేటులోంచి రానిస్తారు. గేటు దాటితేనే పని. యాభై ఆరేళ్ళ మనిషిని కొత్తగా పెట్టుకునేవాళ్ళు ఎవరు?

ఇందులో అన్యాయం ఏమైనా ఉందా? నాకు కనపడలేదు. ఒకరి ఆస్తి పాడుచేస్తే బాగుచేసి ఇవ్వాలి. పాడు కాకుండా చేసినా పాడుచేసి ఇవ్వాలి!

ఆ మూడు వారాలు మా లైనంతా తుప్పు సేద్యంలో పడింది. లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మావయ్య స్నేహితుడు సునీల్‌కుమార్ హౌరాలో లాంచీ ఎక్కి నది దాటి వచ్చి, థిన్నరుతో రంగు వదలగొట్టి పెట్టాడు. ఉప్పునీళ్ళు చల్లమని చెప్పాడు. పక్కింటి మధుబాబుకు అది నచ్చలేదు. "ఉప్పునీల్లు ఏ మూలకి? ఎండుసేపలు కడిగిన నీల్లు పొయ్యండి, నాల్రోజుల్లో పేలిపోద్ది," అన్నాడు. రెండూ పోశారు. అత్త పొద్దునా సాయంత్రం బచ్చలితీగకు పోసినట్టు పోసేది. దారిన పోయేవాళ్ళు ఆగి అడిగేవారు: "ఎంతవరకొచ్చింది దాలమ్మప్పా?" "ఇంకా పసుపు మీదుందిరా."

మావయ్య మాత్రం దానివైపు తిరిగి కూర్చునేవాడు కాదు. చూస్తే చెయ్యి తీగబ్రష్షు మీదికి పోతోందట. అత్త ఆ బ్రష్షును బియ్యం డ్రమ్ములో దాచేసింది.

"మా అయ్యా నానూ దీన్ని సంపే బతికినాం," అన్నాడు ఒకరోజు. "ఇప్పుడు పెంచుతన్నాను. బిల్ల కోసం ఏటి సెయ్యవలసొచ్చిందో సూడు."

నాలుగో వారం త్యాగరాజుగారు కర్రను పరీక్ష చేయించడానికి మా దుకాణానికే తెచ్చారు. వెనకాల చేతులు కట్టుకుని మావయ్య. త్యాగరాజుగారు తుప్పును దీపం కింద పెట్టి చూశారు, వాసన చూశారు, మొహం పక్కకు తిప్పుకున్నారు.

"ఇది జపాన్ తుప్పు కాదు. ఏక్‌బాల్‌పూర్ తుప్పు!"

మావయ్య నావైపు చూశాడు. మా ఓనరు దాదా కూడా నావైపు చూశాడు, చీటీలు చదివేది నేనే కాబట్టి. నేను చీటీ తీసి చదివాను. మీ ఊరి గాలీ, తాకిన చేతుల చెమటా.

"సర్, కర్ర తలను మీరెప్పుడైనా ముట్టుకున్నారా?" అని అడిగాను.

"నేనెందుకు ముట్టుకుంటాను? తుడిచేది గవరయ్య కదా."

"అయితే సరైన రంగే వచ్చింది సర్. చీటీలో చెప్పినట్టే."

ఆయన కర్రను మళ్ళీ దీపం కిందికి తిప్పారు. మా దాదా గొంతు సవరించుకుని, ఇలాంటి రంగు కలకత్తా మొత్తంలో ఇంకెవరి దగ్గరా లేదన్నాడు. ఆ మాటతో త్యాగరాజుగారి మొహం వికసించింది. "ఎవరి దగ్గరా లేదా?" అని రెండుసార్లు అడిగారు.

ఆ ఆదివారమే మావయ్య బిల్ల తిరిగొచ్చింది. త్యాగరాజుగారు తన కర్రది 'డాక్ ఫినిష్' అని క్లబ్బంతా చెప్పుకున్నారు. ఇప్పుడు మా వాకిట్లో ఇంకో నలుగురు సామాన్యుల వెడ్జిలు ఎండుచేపల నీళ్ళు తాగుతున్నాయి.

ఇంత చెప్పాక కూడా తుప్పు మేలు చేయదనేవాళ్ళుంటే వాళ్ళను నేను క్లబ్బు దగ్గరికి రమ్మంటాను. గేటు పక్కన కేడీలు పిలుపు కోసం కూర్చునే రేకుల షెడ్డు ఒకటుంది. ఆ రేకులకు పైపూత లేదు. పద్నాలుగేళ్ళ తుప్పు. ఎవరూ రుద్దలేదు. అక్కడక్కడా బంతి పట్టేంత కన్నాలు. మూడు వానాకాలాలుగా కేడీలు రేకులు మార్చమని అర్జీలు పెడుతున్నారు. కమిటీవారు తొందరపడటం లేదు. నిజమే, ఒక వస్తువు వ్యక్తిత్వాన్ని అంత తేలిగ్గా చెరిపేయకూడదు కదా!

బిల్ల వచ్చిన రోజు నేను మావయ్యకు కేరేజీ పట్టుకెళ్ళాను. పెద్ద వాన. ఆట ఆగింది. ఆటగాళ్ళు లోపల టీ తాగుతున్నారు. త్యాగరాజుగారి సంచీ షెడ్డులో కన్నం లేని మూల చూసి నిలబెట్టి ఉంది. పైన వానతొడుగు, దాని మీద మావయ్య తువ్వాలు. మావయ్య మాత్రం ఒక కన్నం కింద నిలబడి ఉన్నాడు.

"మావయ్యా, తుప్పు పట్టాల్సింది కర్ర కదా," అన్నాను మెల్లగా. "దాన్నిక్కడ పెట్టి నువ్వా మూలకి రారాదా?"

ఆయన నన్ను వింతగా చూశాడు.

"ఏటి గుంటా, సదువుకున్నావు, ఆ మాత్రం తెలీదేటి? వాన పడితే తుప్పు రంగు సెడిపోద్దంట. బాబు మరీమరీ సెప్పినాడు."

రేకు కన్నంలోంచి ఆయన నెత్తి మీదికి, భుజం మీదికి, తెల్ల చొక్కా మీదికి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూశాను. రంగు మాత్రం అచ్చం జపానే!